పక్క బొరియకీ ఏరియా కోడ్

ఒక పెద్ద అడవిలో ఇంటింటికీ ఫోను ఉండేది. అడవిలో ఫోనేమిటని అడిగేవాళ్ళు ఇక్కడే ఆగిపోయి వేరే పని చూసుకోవచ్చు. నక్క ఆఫీసరయిందంటే నమ్మేవాళ్ళకి ఫోను దగ్గర మాత్రం అనుమానం దేనికి?

చెట్టు నుంచి చెట్టుకి తిప్పతీగ లాగారు. ప్రతి గుమ్మంలోనూ ఒక వెదురు గొట్టం కట్టారు. గొట్టం మీద గోటితో టకటకా కొడితే అదే నెంబరు. తీగలన్నీ కలిసే చోట వడ్రంగిపిట్టలు కూర్చుని, ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టారో విని, ఈ తీగని ఆ తీగకి కలిపేవి. దెబ్బలు లెక్కపెట్టడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య కనక జీతం తప్ప ఇంకేమీ నేర్పాల్సిన అవసరం రాలేదు.

పేటలో వాళ్ళు పేటలో వాళ్ళతో మాట్లాడుకోవడానికి రెండు మూడు దెబ్బలు చాలు. వేరే పేటకి కావాలంటే, "కొండకి కలుపు తల్లీ" అని పిట్టని అడిగితే కలిపేది. అంతా సవ్యంగా సాగిపోయేది. సవ్యంగా సాగిపోయేదాన్ని చూస్తే ఆఫీసులకి ఎందుకో నిద్ర పట్టదు.

వాగు పక్కన పల్లం అనే పేట ఉంది. అక్కడుండేవాళ్ళు దాదాపు అందరూ కుందేళ్ళే. మెత్తటి మట్టి, తవ్వుకోవడానికి హాయి, గుమ్మం దాటితే గరిక. కష్టమల్లా ఒకటే. అడవి దాటి ఎక్కడో పై కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగి మీదికి వచ్చేసేది.

ఆ వరసలో మొదటి బొరియ దూదమ్మ అనే కుందేలుది. వాగు ఒడ్డున ఏరయ్య అనే నీటికుక్క ఉండేవాడు. వయసు మళ్ళినవాడు. నీళ్ళ రంగు మారగానే ఏరయ్య గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఆ మూడు దెబ్బలు దూదమ్మ నెంబరు. ఆమె వెంటనే పేటంతా లేపేది. నిరుడు అలాగే కొట్టాడు. దూదమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని మిట్ట మీదికి చేర్చి వెనక్కి చూసేసరికి, తన గుమ్మం ఉండాల్సిన చోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఆ రోజు నుంచి ఆ మూడు దెబ్బల్ని తలుచుకుని ఆమె దణ్ణం పెట్టుకునేది.

దూదమ్మ పక్కిల్లు జంబుకరావుది. అడవి ఫోన్ల శాఖకి పెద్ద అధికారి, నక్క. కుందేళ్ళ మధ్య నక్క ఇల్లెందుకు కట్టుకున్నాడని మీరడగొచ్చు. కుందేళ్ళూ అడిగాయి. ఒకరినొకరు తినకూడదని మృగరాజు గారి హయాంలో ఒప్పందం అయిపోయింది కదా, ఇక భయమేమిటని జంబుకరావు నవ్వాడు. అయినా కుందేళ్ళ వాసన దగ్గరలో ఉంటే తనకి నిద్ర బాగా పడుతుందని కూడా చెప్పాడు. ఆ రాత్రి కుందేళ్ళకి మాత్రం పట్టలేదు.

ఇలా ఉండగా ఒకరోజు మృగరాజు గారు షికారుకని బయల్దేరి, పొరపాటున పని జరిగే చోటికి వచ్చారు. మద్దిచెట్టు తొర్రలో ఫోన్ల ఆఫీసు. లోపల వడ్రంగిపిట్టలు రెక్కలో తల దూర్చి నిద్రపోతున్నాయి. జంబుకరావు తోక మీద తల పెట్టుకుని మరీ నిద్రపోతున్నాడు.

"ఏమయ్యా, ఇక్కడ ఏం పని జరుగుతుంది?" అన్నారు మృగరాజు గారు.

జంబుకరావు ఉలిక్కిపడి లేచాడు. "మహాప్రభూ, ఇక్కడ... ఫోన్లు కలుపుతాం."

"ఎవరికి?"

"ఎవరికీ కలపాల్సిన అవసరం రాకుండా చూస్తాం ప్రభూ. ఎవరి పేటలో వాళ్ళే మాట్లాడుకుంటున్నారు. రెండు దెబ్బలు కొడితే కలిసిపోతోంది."

"అలాంటప్పుడు ఇంత ఆఫీసు దేనికి?" అని మృగరాజు గారు ఆవలించి వెళ్ళిపోయారు.

రాజుగారు ఆవలించి అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకపోతే ఆఫీసు ఉండదని జంబుకరావుకి తెలుసు. పని లేకపోతే పని పుట్టించాలి. ఆ సాయంత్రమే సభ పెట్టించాడు.

సభకి అధ్యక్షుడు ఏనుగు. ఆయనకి వచ్చిన మాట ఒక్కటే, "పరిశీలిద్దాం." అంత పెద్ద శరీరంలోంచి అంత చిన్న మాట వస్తుంటే అందరికీ ఎంతో గౌరవంగా ఉండేది.

జంబుకరావు గొంతు సవరించుకున్నాడు. "పెద్దలారా, మన అడవి ప్రమాదంలో ఉంది. నెంబర్లు అయిపోతున్నాయి. కుందేళ్ళు ఏ నెలకానెల పెరిగిపోతున్నాయి. పుట్టిన ప్రతివాళ్ళకీ నెంబరు ఇవ్వాలంటే దెబ్బలు ఎక్కడి నుంచి తేను?"

సభంతా తిరిగి కుందేళ్ళ వైపు చూసింది. కుందేళ్ళు చెవులు దించుకున్నాయి.

"అందుకని ఇక నుంచి ప్రతి పేటకీ ఒక ఏరియా కోడ్. ఎవరు ఎవరికి ఫోన్ చేసినా ముందు కోడ్ కొట్టాలి, తర్వాతే నెంబరు. సొంత పేటలో చేసుకున్నా సరే."

భల్లయ్య అనే ఎలుగుబంటి లేచాడు. అడ్డు చెప్పడం ఆయనకి ఆకలి లాంటిది, పూటపూటకీ తీరాలి. "వేరే పేటకి కోడంటే అర్థముంది. మా బావమరిది నా పక్క గుహలోనే ఏడుస్తాడు. వాడికి చేయాలన్నా కోడ్ కొట్టాలా?"

"మీ బావమరిది ఏ పేటలో ఉన్నాడో పిట్టకి ఎలా తెలుస్తుందండీ?"

"ఎలా తెలియదయ్యా! వాడి గురక నా గుహలోకి వినిపిస్తుంది."

"మీకు వినిపిస్తుంది. నియమానికి వినిపించదు కదా."

భల్లయ్య కూర్చున్నాడు. మాట అర్థం కాలేదు గానీ బాగా బరువుగా అనిపించింది. ఏనుగు గారు తలాడించి, "పరిశీలిద్దాం," అన్నారు.

అప్పుడు ఏరయ్య చెయ్యెత్తాడు. "బాబూ, వాగొస్తే దూదమ్మకి మూడు దెబ్బలు కొడతాను నేను. ఇక నుంచి దానికి ముందు కోడ్ కూడా కొట్టాలంటే..."

ఏరయ్య మాట పూర్తి కాలేదు. జంబుకరావు తెలివైనవాడు. గబుక్కున, "ముందు ఏ పేటకి ఏ కోడో తేల్చుకుందాం. కొండ మీద మృగరాజు గారుంటారు కనక కొండకి ఒకటి," అన్నాడు.

అంతే. సభ స్వరూపమే మారిపోయింది.

"మా గుహలకి రెండు ఇస్తే నేనిక నోరెత్తను," అన్నాడు భల్లయ్య.

"రెండు మాది. నీకేం తక్కువని రెండడుగుతావు?" అని చిరుత పళ్ళు బయటపెట్టింది.

కోతులు తమకి నాలుగు దాటితే పరువు పోతుందని కొమ్మలు ఊపాయి. అడవిపందులు కోతుల కన్నా ఒక్క అంకె తక్కువైతే చాలన్నాయి. ముళ్ళపంది ముళ్ళు లేపింది. చీకటి పడేదాకా అరుచుకున్నారు. కోడ్ అవసరమా కాదా అన్నది అప్పటికి ఎవరికీ గుర్తు లేదు. అందరికీ మంచి కోడ్ కావాలంతే. ఏరయ్య ఎత్తిన చెయ్యి నొప్పి పుట్టి దించుకున్నాడు.

చివరికి పల్లం వంతు వచ్చేసరికి మిగిలినవి తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది.

"ఇన్ని దెబ్బలా?" అంది దూదమ్మ ఏడుపు గొంతుతో.

"సంఖ్య పెద్దదిస్తే సంతోషించాలి గానీ," అన్నాడు జంబుకరావు.

మర్నాడు టేకాకు మీద గీసిన పటం మద్దిచెట్టుకి వేలాడదీశారు. కొండ పేట హద్దు కొండ దాకా బాగానే ఉంది. అక్కణ్ణించి మాత్రం సన్నటి గీత ఒకటి కిందికి దిగి, తుప్పలు దాటి, పల్లంలోకి వచ్చి, ఒకే ఒక్క ఇంటిని చుట్టుకుని మళ్ళీ కొండెక్కింది. ఆ ఇల్లు జంబుకరావుది. ఆయన కోడ్ ఇప్పుడు ఒకటి.

"అదేమిటండీ, మీరు మా పక్కిల్లు కదా?" అంది దూదమ్మ.

"ఇల్లు పక్కన ఉంటే సరిపోదమ్మా, హోదా పక్కన ఉండాలి," అని జంబుకరావు గుమ్మానికి కొత్త బోర్డు తగిలించుకున్నాడు. 'కొండ పేట' అని.

కోడ్ అమల్లోకి వచ్చింది. కోడ్ లేకుండా నెంబరు కొడితే తీగలోంచి చిలకమ్మ గొంతు వినిపించేది. "నమస్కారం. ముందుగా ఏరియా కోడ్ కొట్టి, తరువాత నెంబరు కొట్టండి. ధన్యవాదాలు." ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఇంకో మాట నేర్పితే ఆలోచించడం మొదలుపెడుతుందని జంబుకరావు నేర్పించలేదు.

వచ్చిన చిక్కేమిటంటే, ఎవరి కోడ్ వాళ్ళకి తెలియదు. కొండ కోడ్ అందరికీ తెలుసు, చిరుతల కోడ్ భయం కొద్దీ తెలుసు. సొంత పేట కోడ్ ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? తమ ఇంటికి తాము ఎవరైనా దారి అడుగుతూ వెళ్తారా?

దూదమ్మ చెల్లెలు గరికమ్మ. ఆమె బొరియ దారికి అవతలి పక్క. ఇద్దరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు గొట్టం పట్టుకుని నిలబడేవాళ్ళు.

"అక్కా, మన కోడెంతే?" అని గరికమ్మ కేకేసేది.

"తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది!"

"సరే, కొడుతున్నా. నువ్వు లోపలికెళ్ళి ఎత్తు!"

దూదమ్మ లోపలికెళ్ళి ఎత్తేది. అప్పటికి గరికమ్మ లెక్క తప్పేది. చిలకమ్మ నమస్కారం చెప్పేది. ఇద్దరూ మళ్ళీ గుమ్మంలోకి వచ్చేవాళ్ళు.

భల్లయ్యకి రెండు దక్కింది. రెండు రోజులు గర్వంగా కొట్టాడు. మూడో రోజున విసుగు పుట్టి గొట్టం విసిరేసి, "ఒరేయ్ బావా, తేనె ఉందా?" అని అరిచాడు. "లేదు!" అని జవాబు వచ్చింది. అబద్ధమే గానీ వెంటనే వచ్చింది. అడవి అడవంతా ఆ సుఖం కనిపెట్టింది. కుందేళ్ళు వెనక కాలితో నేల మీద దబదబా కొట్టి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. అది వాళ్ళ తాతల నాటి పద్ధతి. నేలలోంచి పేటంతా ఒక్కసారే వినిపిస్తుంది, కోడూ అక్కర్లేదు, పిట్టా అక్కర్లేదు.

మద్దిచెట్టులో వడ్రంగిపిట్టలు మళ్ళీ నిద్రపోయాయి. జంబుకరావు మాత్రం పోలేదు. మృగరాజు గారు మళ్ళీ షికారుకొస్తే? వెంటనే ఉత్తర్వు వేయించాడు. ఫోను ఉండగా కేకలు, ఈలలు, ఊళలు, నేల మీద కాలితో కొట్టడాలు నిషేధం. ఏ మాటైనా ఫోనులోనే, కోడ్ తోనే.

దూదమ్మ ఆ ఉత్తర్వు విని పై కొండల వైపు చూసింది. వానాకాలం వచ్చేసింది. ఆమెకి అప్పుడే నలుగురు పిల్లలు పుట్టారు. నాలుగు మెత్తటి ముద్దలు. తల్లి పొట్ట ఎటు ఉందో వెతుక్కోవడం తప్ప వాటికి ఇంకేమీ రాదు. ఏరయ్య తడి చేతులతో అన్ని దెబ్బలు లెక్క తప్పకుండా కొట్టేసరికి వీళ్ళ గతేమిటి?

వెంటనే వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది.

"ఎవరు?" అన్నాడు జంబుకరావు లోపల్నుంచి.

"నేనేనండీ, దూదమ్మని. ఒక్క మాట చెప్పుకుందామని."

"ఫోన్లో చెప్పుకో. అర్జీలు చేతికి తీసుకోను."

ఆమె తన ఇంట్లోకి వెళ్ళి ఆయన కోడ్ కొట్టి, నెంబరు కొట్టింది. పిట్ట కలిపాక పిలుపు కొండ దాకా వెళ్ళి, మళ్ళీ కిందికి దిగి పక్కింట్లో మోగింది. గోడ అవతల నుంచీ, గొట్టం లోంచీ ఒకే గొంతు రెండుసార్లు వినిపించింది.

"అయ్యా, వాగొచ్చినప్పుడు మాత్రం కోడ్ లేకుండా మూడు దెబ్బలే కొట్టనివ్వండి. అంతకన్నా ఏమీ అడగను. పసిగుడ్లండీ."

"చూడమ్మా, నీకు వాగని మినహాయింపు ఇస్తే రేపు ఇంకొకరు నిప్పంటారు, మరొకరు వేటగాడంటారు. ఇక కోడ్ ఎవరు కొడతారు?"

"ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడానాండీ?"

"ప్రాణం మీదికి వచ్చినప్పుడే క్రమశిక్షణ బయటపడేది," అని జంబుకరావు గొట్టం పెట్టేశాడు.

దూదమ్మ ఆ గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఒళ్ళు మండిపోయింది. పళ్ళు కొరికింది, కానీ కుందేలు పళ్ళు కొరికితే ఎవరికి భయం?

వారం తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం, పల్లంలో లేత ఎండ కాస్తోంది. పై కొండలు మాత్రం నల్లగా ఉన్నాయి. ఏరయ్య చేపని సగం తిని ఆగిపోయాడు. వాగు నీళ్ళు ఎర్రబడ్డాయి. పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నాయి.

ఏరయ్య గొట్టం అందుకున్నాడు. అలవాటు కొద్దీ మూడు దెబ్బలు కొట్టాడు.

"నమస్కారం. ముందుగా ఏరియా కోడ్ కొట్టి..."

"వాగొస్తోంది తల్లీ!"

"...తరువాత నెంబరు కొట్టండి. ధన్యవాదాలు."

ఏరయ్య తొమ్మిది కొట్టాడు. రెండో తొమ్మిది మధ్యలో తడి చెయ్యి జారింది. ఏడా, ఎనిమిదా? మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు. ఈసారి మూడో అంకె దగ్గర నీళ్ళు ఆయన కాళ్ళ కిందికి వచ్చేశాయి. ఎంత కొట్టాడో మర్చిపోయాడు. చిలకమ్మ మళ్ళీ నమస్కారం చెప్పింది.

"నీ నమస్కారం తగలెయ్య!" అని ఏరయ్య గొట్టాన్ని వాగులోకి గిరాటేశాడు. రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని, నిషేధాన్ని చీల్చుకుంటూ ఈల వేశాడు. వయసులో ఉన్నప్పుడు కూడా అంత గట్టిగా వేసి ఎరగడు.

దూదమ్మ చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఉత్తర్వు గుర్తొచ్చిందో లేదో ఆమెకే తెలియదు, కాలు మాత్రం నేల మీద పడింది. దబ్, దబ్, దబ్. అవతలి నుంచి గరికమ్మ అందుకుంది. ఆమె నుంచి పక్క బొరియ, అక్కణ్ణించి ఇంకో బొరియ. క్షణంలో పల్లమంతా డప్పులా మోగింది. బొరియల్లోంచి తల్లులు పిల్లల్ని కరుచుకుని మిట్ట మీదికి పరుగెత్తారు. దూదమ్మ ఒకరి తర్వాత ఒకరిని మోసింది. నాలుగోవాణ్ణి తెచ్చి గరికమ్మ ముందు పెట్టేసరికి ఊపిరందలేదు. నలుగురినీ మూతితో తడిమి చూసుకుంది. వెచ్చగా ఉన్నారు, కదులుతున్నారు. అప్పుడు ఏడ్చింది.

ఏడుపు మధ్యలోనే తల తిప్పి పల్లం వైపు చూసింది. నీళ్ళు మొదటి వరసకి వచ్చాయి. పక్కింటి తలుపు మూసే ఉంది.

"ఆయన బయటికి రాలేదే," అంది.

"రాకపోతే మనకేం? కోడ్ కొట్టమను," అంది గరికమ్మ.

"పక్కిల్లే," అని దూదమ్మ కిందికి పరుగెత్తింది. గరికమ్మ తిట్టుకుంటూ వెనకాలే వెళ్ళింది. ఇంకొందరూ వెళ్ళారు.

లోపల జంబుకరావు మెలకువగానే ఉన్నాడు. నేల దబదబలాడినప్పుడే ఆయనకి విషయం అర్థమైంది. అంటే, తప్పుగా అర్థమైంది. కుందేళ్ళు కోడ్ మీద తిరగబడి తన ఇంటి ముందు ధర్నాకి దిగాయనుకున్నాడు. తలుపుకి లోపల్నుంచి పెద్ద బండ దొర్లించి అడ్డం పెట్టాడు.

"జంబుకరావు గారూ! వాగొచ్చింది, బయటికి రండి!" అని దూదమ్మ తలుపు మీద కాలితో బాదింది.

"ముందు ఆ చప్పుడు ఆపండి! నిషేధం తెలీదా? మాట్లాడాలంటే ఫోన్ చేయండి!"

"ఫోన్ నీళ్ళలో ఉందండీ!"

"ఈ నాటకాలు నా దగ్గర కాదు!" అని జంబుకరావు కొండ మీది ఠాణాకి ఫోన్ కలిపాడు. తన పేటే కదా అని నెంబరు ఒక్కటే కొట్టాడు.

"నమస్కారం. ముందుగా ఏరియా కోడ్..."

"చిలకమ్మా, నేనే! జంబుకరావుని!"

"...కొట్టి, తరువాత నెంబరు కొట్టండి. ధన్యవాదాలు."

ఆ పాఠం తను నేర్పిందే. పిల్ల ఎంత బాగా నేర్చుకుందో మొదటిసారి తెలిసింది. సరిగ్గా అప్పుడే బండ కింద నుంచి చల్లటి నీళ్ళు వచ్చి ఆయన తోకని తాకాయి. జంబుకరావు ఎగిరి గంతేశాడు. బండని లాగాడు. బురదలో దిగబడిపోయి అది కదల్లేదు. ఈసారి ఒక దెబ్బ కోడ్ కొట్టి, నెంబరు కొట్టాడు.

ఠాణాలో దుమ్ములగొండి ఎత్తాడు. "చెప్పండి."

"నేను జంబుకరావుని! ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయి! వెంటనే రండి!"

"ఏ ఏరియా సార్?"

"ఒకటి!"

"ఒకటంటే కొండ కదా సార్. మేమూ కొండ మీదే ఉన్నాం. ఇక్కడ చినుకు కూడా లేదే."

"అబ్బా, నా ఇల్లు... నా ఇల్లు కొండ పేటలోదే, కానీ కొంచెం కిందికి ఉంటుంది."

"ఎంత కిందికి సార్?"

జంబుకరావు తలుపు వైపు చూశాడు. పల్లంలో ఉంటానని చెప్పాలా? గుమ్మానికున్న బోర్డేం కావాలి? ఇంతలో గొట్టంలోంచి ఇంకో గొంతు వినిపించింది. మృగరాజు గారు ఠాణాలోనే కునుకు తీస్తున్నట్టున్నారు. "ఎవరయ్యా అది?"

"జంబుకరావు గారండి. కొండ మీదికి వరదొచ్చిందంటున్నారు."

"అయితే మనం కూడా మునుగుతామా? వెతకండి!" అన్నారు మృగరాజు గారు.

ఠాణా సిబ్బంది మొత్తం కొండ మీద వరద కోసం వెతకడానికి బయల్దేరింది. నిబంధన ప్రకారం కోడ్ ఎక్కడుంటే మనిషీ అక్కడే ఉండాలి కదా.

తీగ తెగింది. నీళ్ళు జంబుకరావు మోకాళ్ళు దాటి, పొట్ట దాటి పైకి వస్తున్నాయి. గుహ వెనక భాగం కాస్త ఎత్తుగా ఉంది, అక్కడికి ఎగబాకాడు. పైన మట్టి. ఆ మట్టి మీద మెల్లగా అడుగుల చప్పుడు.

"అయ్యా, పైనుంచి తవ్వుతాం!" అని దూదమ్మ గొంతు సన్నగా వినిపించింది. "మీరు ఎక్కడున్నారో తెలియడం లేదు. గట్టిగా ఊళ వేయండి!"

"నిషేధం..." అన్నాడు జంబుకరావు.

"ఏమిటీ?"

"ఊళలు నిషేధం! ఉత్తర్వు ఉంది!"

"ఎవరేశారు?"

లోపల్నుంచి, గొంతు బాగా తగ్గి, "నేనే," అని వినిపించింది.

"మీరేసిందేగా, మీరే తీసేయండి!" అంది దూదమ్మ.

"అలా కుదరదమ్మా, సభ పెట్టాలి..." ఆ మాట చివర నీళ్ళు నోట్లోకి వచ్చాయి. అంతే, సభ లేదు, అధ్యక్షుడు లేడు. జంబుకరావు తల పైకెత్తి, తాతల నాటి నక్కలు ఎలా వేశాయో అలా, కోడ్ లేని ఊళ వేశాడు.

"ఇక్కడే! ఇక్కడే!" అంటూ కుందేళ్ళన్నీ ఆ చప్పుడు మీద పడ్డాయి. మట్టి ఎగిరిపోయింది. తవ్వడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కన్నం పడింది. ఏరయ్య ఈదుకుంటూ వచ్చి, చెయ్యి లోపలికి పెట్టి, దొరికింది పట్టుకుని లాగాడు. దొరికింది తోక. అడవి ఫోన్ల శాఖ అధికారి తలకిందులుగా వెలుగులోకి వచ్చాడు. 'కొండ పేట' బోర్డు ఆయన పక్క నుంచే తేలుతూ వాగులో కలిసి, పల్లం కన్నా పల్లానికి వెళ్ళిపోయింది.

మిట్ట మీద కుందేళ్ళ మధ్య జంబుకరావు తడిసి ముద్దై కూర్చున్నాడు. దూదమ్మ పిల్లల్లో ఒకడికి కళ్ళు కనపడక, వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చి ఆయన పొట్టలో దూరాడు. జంబుకరావు వాడి వైపు చూశాడు. దూదమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఆయన మెల్లగా తోక తెచ్చి వాడి మీద కప్పాడు. అంతటి అధికారి అలా చేస్తాడని ఎవరూ అనుకోలేదు, ఆయనతో సహా.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ ఆఫీసులున్న అడవి కదా, విచారణ ఉంటుంది.

మళ్ళీ సభ పెట్టారు. ఏనుగు గారు, "పరిశీలించాం," అన్నారు. ఆయన అంత పెద్ద మాట అనడం అదే మొదటిసారి కనక అందరూ చప్పట్లు కొట్టారు. తేలిందేమిటంటే, తప్పంతా వాగుది. పల్లంలోకి వచ్చే ముందు వాగు తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది కొట్టలేదు. అందుకని వాగుని తీవ్రంగా మందలించారు. నిషేధం ఉండగా నేల మీద కాలితో కొట్టినందుకు కుందేళ్ళనీ, ఈల వేసినందుకు ఏరయ్యనీ మొదటి తప్పుగా భావించి క్షమించారు. ఆపదలో కూడా కోడ్ కొట్టి ఠాణాకి ఫోన్ చేసినందుకు జంబుకరావుకి బిరుదిచ్చారు. ఇక మీదట ఇలాంటివి జరగకుండా ప్రతి కోడ్ ముందూ ఒక సున్నా చేర్చారు. సున్నాకి ఎన్ని దెబ్బలు కొట్టాలో పరిశీలించడానికి ఒక సంఘం వేశారు.

"ఒక్క దెబ్బా కొట్టకుండా ఉంటే సున్నానే కదా, అది నేను రోజూ కొడుతూనే ఉన్నా," అన్నాడు భల్లయ్య. ఆయన్ని సంఘంలో వేసుకున్నారు.

నీళ్ళు తీశాక కుందేళ్ళు తమ బొరియలు మళ్ళీ తవ్వుకున్నాయి. జంబుకరావు కొండ మీద ఇల్లు ఇస్తామన్నా వెళ్ళలేదు. మళ్ళీ దూదమ్మ పక్కనే కట్టుకున్నాడు, తలుపుకి బండ లేకుండా. ఆఫీసులో కూర్చుని పొద్దంతా సున్నా గురించి ఉత్తర్వులు వేస్తాడు. ఇంటికొచ్చాక, పై కొండల మీద మబ్బు కనిపిస్తే చాలు, గొట్టం వైపు కూడా చూడడు. నేల మీద చెవి పెట్టుకుని పడుకుంటాడు.

"ఏమిటండీ అది?" అని గరికమ్మ ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"ష్, మాట్లాడకమ్మా. మీ అక్క కాలు వినపడాలి," అన్నాడు జంబుకరావు.

నీతి: ఉత్తర్వులు ఎన్నయినా వేసుకోవచ్చు, కానీ వాటిని లెక్కచేయనివాళ్ళ పక్కన ఇల్లు కట్టుకుని మరీ వేయాలి.